నేల మీద మూడు అంగుళాలు

మే 4, ఆదివారం

ఈ రోజు మేడ మీద గదిలో యుద్ధం అయింది. ప్రతి ఆదివారమూ అవుతుంది కానీ అది బల్ల మీద అవుతుంది. ఈసారి బల్లకు ఇవతల అయింది.

ఒక పక్క మా ఆయన దేవేంద్ర, మరిది అశోక్, హోసూరు వాళ్ళు ఇంకో ఇద్దరు. ఎదుటి పక్క కృష్ణగిరి నుంచి వచ్చే తిమ్మరాజుగారు, ఆయన మనుషులు. మధ్యలో నా పాత పచ్చ దుప్పటి, థర్మాకోల్ గుట్టలు, అరచేతిలో పట్టే బొమ్మ ట్యాంకులు. అన్నీ రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన బండ్లే. ఏ ట్యాంకు ఒక వంతులో ఎన్ని అంగుళాలు కదలవచ్చో, దాని కవచం ఎంత గట్టిదో చెప్పే అంకెలు ఒక కాగితంలో ఉంటాయి. ఫిరంగి బలానికి రెండు పాచికల అంకెలు కలిపినప్పుడు కవచం అంకె దాటితే ఎదుటి ట్యాంకు పోయినట్టు, దాటకపోతే బతికినట్టు. అంతే ఆట. ఆ కాగితం అశోక్ రాసింది. గొడవంతా అక్కడే.

నేను టీ తీసుకుని పైకి వెళ్ళేసరికి తిమ్మరాజుగారు లేచి నిలబడి ఉన్నారు.

"ఇది ఆట కాదప్పా, మగపెండ్లివాళ్ళ పంక్తి! మీ జర్మనీ టైగరుకి నెయ్యి పోసి వడ్డించినారు. మా రష్యా బండికి అడుగంటిన సాంబారు కూడా లేదు."

"ఓడిపోయినోళ్ళు చెప్పే మాటే ఇది," అన్నాడు అశోక్.

"ఓడిపోయేదానికి కృష్ణగిరి నుంచి బస్సెక్కి రావల్లనా? ఆడనే ఓడిపోతాము. రెండు పక్కలా ఒప్పుకునే అంకెల కార్డు ఒకటి రాయండి, అప్పుడు వస్తాము. అంతదాకా మీ టైగరుతో మీరే ఆడుకోండి."

వాళ్ళు టీ తాగకుండా వెళ్ళిపోయారు. ఈయన సాయంత్రమంతా ఆ థర్మాకోల్ గుట్టలను సర్దుతూ కూర్చున్నారు, సర్దినవే మళ్ళీ సర్దుతూ.

"నువ్వు రాయకూడదా ఆ కార్డు? ఇప్పుడు నీకు కొట్టు లెక్కలు కూడా లేవు కదా," అన్నారు.

ఏప్రిల్ నుంచి జూజువాడిలో ఉన్న మా కొట్టు లెక్కలు కంప్యూటరు చూసుకుంటోంది. ట్రాక్టరు స్పేర్ పార్టులన్నిటికీ దాని దగ్గర ఏవో నంబర్లు ఉన్నాయట. పెళ్ళయిన ఏడాది నుంచి రాస్తున్నాను, ఇప్పుడు విశ్రాంతి. మంచిదే. చాలా మంచిదే.

నాకెందుకు ఈ ట్యాంకుల గోల అన్నాను.

మే 5, సోమవారం

అశోక్ కాగితం ఊరికే చూశాను. అందులో లెక్క లేదు. ఇష్టాలున్నాయి.

మే 7, బుధవారం

ఊరికే కూర్చునే బదులు మొదలుపెట్టాను. పద్ధతి ముందు, అంకె తర్వాత. గంటకు నాలుగు కిలోమీటర్ల వేగానికి ఒక అంగుళం. పది మిల్లీమీటర్ల ఉక్కుకు ఒక అంకె. మిగిలేది సగమో, సగానికి పైనో అయితే పైకి, సగంలోపు అయితే కిందికి. ఎవరి బండికైనా ఇదే.

ఇంట్లో ఖర్చు రాసేటప్పుడు ఎప్పుడూ పైకే రాసుకుంటాను, చివర్లో చేయి ఆడకుండా పోకూడదని. ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు. ఇది గుర్తుపెట్టుకోవాలి.

అత్తమ్మ చింతపండులో గింజలు తీస్తూ చాలాసేపు చూసింది.

"ఏం రాస్తా ఉండావమ్మా సుధా?"

"యుద్ధంలో బండ్లు అత్తమ్మా. ఏది ఎంత వేగంగా పోతుంది, ఎంత దెబ్బ తట్టుకుంటుంది అని."

"యా యుద్ధం?"

"ఎనభై ఏండ్ల కిందటిది."

"అయిపోయిన యుద్ధానికి ఇప్పుడేం లెక్కమ్మా? ఎవురు గెలిచినారో తెల్దా?"

"తెలుసు. కానీ మీ కొడుకులు ఇద్దరూ ప్రతివారం మళ్ళీ చేస్తారు కదా."

"అయితే ఒక్కసారి వాళ్ళను ఓడగొట్టమ్మా. ఆదివారం మార్కెట్టుకు పోయి కూరాకు తెమ్మంటే ఒకడు కదలడు, ఈ బొమ్మ బండ్లు మాత్రం తోల్తారు."

నేను ఆడను, లెక్క మాత్రమే చేస్తానని చెప్పాను.

మే 8, గురువారం

పదహారు బండ్లకు గడులు గీశాను. గీతలు గీసిన కాగితం ఎంత బాగుంటుందో మరిచిపోయాను.

మే 11, ఆదివారం

కృష్ణగిరి వాళ్ళు రాలేదు. హోసూరు నలుగురూ తమలో తామే ఆడుకున్నారు. పప్పులేని పులుసులాగా ఉందని ఈయనే అన్నారు. తిమ్మరాజుగారు నిజంగానే మానేస్తే ఈ ఆట ఇంక ఎక్కువ రోజులు నడవదు. ఈయనకు ఆదివారాలు తప్ప వేరే సరదా లేదు.

అశోక్‌ను పక్కకు పిలిచి అడిగాను. ఫ్యాక్టరీలో వాడి పనే కొలతలు సరిచూడటం. అయినా ఇలా రాశాడు.

"టైగరుకి పన్నెండు అంగుళాలు ఎట్లా వచ్చింది అశోక్?"

"అది... దానికి ఒక మర్యాద ఉంది వదినా."

"మర్యాదకు ఎన్ని అంగుళాలు?"

నవ్వేశాడు. టైగరు రోడ్డు మీద గంటకు ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. అంటే తొమ్మిదిన్నర, పైకి వేస్తే పది. అది రోడ్డు మీద. మరి నేల మీద? బాగలూరు నుంచి మా ట్రాక్టరు తారురోడ్డు మీద ఎట్లా వస్తుంది, వాన పడ్డాక అదే ట్రాక్టరు రాగిచేలో ఎట్లా పోతుంది? ఒకే అంకె ఎలా సరిపోతుంది? పుస్తకాల్లో రెండు వేగాలూ ఉన్నాయి. అశోక్ పెద్దదే తీసుకుని ఊరుకున్నాడు. అందుకని ఇక నుంచి ప్రతి బండికీ రోడ్డుకు ఒక గడి, నేలకు ఒక గడి.

టైగరు నేల మీద ఇరవై. అంటే అయిదు అంగుళాలు, ముక్కా చెక్కా లేకుండా.

"అయిదా! మా టైగరేమన్నా ఎద్దులబండా వదినా?"

"ఎద్దులబండికి ఒకటి వస్తుంది. కావాలంటే అది కూడా రాస్తాను."

మే 14, బుధవారం

ఈ రోజు జరిగింది సరిగ్గా రాసుకోవాలి. నవ్వు వస్తోంది.

బజ్జీలకు అరటికాయ కోస్తున్నాను. నూనె కాగుతోంది. నిటారుగా కోస్తే రూపాయంత బిళ్ళ వస్తుంది, బజ్జీ చిన్నదవుతుంది. అందుకని కత్తిని వాల్చి కోస్తాను, మా అమ్మ అలాగే కోసేది. అప్పుడు బిళ్ళ పొడవుగా వస్తుంది. ఎన్నేళ్ళ నుంచి కోస్తున్నానో! ఇవాళ కత్తి సగంలో ఆగిపోయింది.

కాయ ఒకటే. లావు ఒకటే. కానీ వాలుగా పోయే కత్తి ఎక్కువ దారి పోవాలి.

ఫిరంగి గుండు కూడా కత్తే కదా! రేకు నిటారుగా నిలబడితే గుండు దాని మందం ఎంతో అంతే దాటాలి. రేకు వాలి ఉంటే? రష్యా వాళ్ళ టి-34 ముందు రేకు బాగా వాలి ఉంటుంది, ఆ బొమ్మ ముక్కు చూస్తేనే తెలుస్తుంది. దాని మందం నలభై అయిదు మిల్లీమీటర్లు. అశోక్ దాన్ని చూసే నాలుగు వేశాడు.

మా అమ్మాయి మోనిషా బడికి వెళ్ళిన రోజుల నాటి జామెట్రీ బాక్సు వెతికాను. నిటారు గీత నుంచి అరవై డిగ్రీలు వాల్చి రేకు గీశాను. నలభై అయిదు మందం. దాని మీద గుండు వచ్చే దారి అడ్డంగా గీశాను. స్కేలు పెట్టాను.

తొంభై.

మళ్ళీ గీశాను. తొంభైయే! నాలుగు కాదు, తొమ్మిది! తిమ్మరాజుగారు అరిచింది ఊరికే కాదు. టైగరు ముందు రేకు నూరు మిల్లీమీటర్లు, దాదాపు నిటారు, అంటే పది. అశోక్ దాని కవచానికి కూడా పన్నెండే వేశాడు. పదికీ తొమ్మిదికీ మధ్య జరగాల్సిన ఆటను వీళ్ళు ఇన్నాళ్ళూ పన్నెండుకూ నాలుగుకూ మధ్య ఆడారు.

"ఏదో మాడతా ఉండాదమ్మా!" అని అత్తమ్మ లోపలి నుంచి కేకేసింది. నూనె పొగలు కక్కుతోంది. మొదటి వాయి బజ్జీలు నల్లగా అయ్యాయి. నేను వాటిని కూడా తినేశాను.

మే 15, గురువారం

అశోక్ వచ్చాడు. కాగితం, గీత, స్కేలు అన్నీ చూపించాను. వాడు ఆశ్చర్యపోతాడనుకున్నాను.

"అది అన్ని పుస్తకాల్లోనూ ఉండాదిలే వదినా."

నా ముఖం ఎలా పెట్టానో తెలియదు. అరటికాయతో నేనొక్కదాన్నే కనిపెట్టాననుకున్నాను. పోనీ, నేను నా దారిన వెళ్ళి చేరాను. అది తక్కువేం కాదు.

"తెలిసి కూడా ఎందుకు రాయలేదు?"

"రాస్తే టైగరుకి ఏం మిగుల్తుంది? దాని రేకులన్నీ గోడలాగా నిటారుగా ఉండాయి. వదినా, ఒకటి అడుగుతా, మనసులో పెట్టుకోవద్దు. నువ్వు మా పక్కనా, వాళ్ళ పక్కనా?"

"నేను స్కేలు పక్క" అని అనలేదు. ఇప్పుడు రాస్తుంటే అనాల్సిందనిపిస్తోంది. అప్పుడు మాత్రం "బజ్జీ తిను" అన్నాను. తినకుండా వెళ్ళిపోయాడు. ఇంటి నుంచి ఎవరో ఒకరు ఏదో ఒకటి ముట్టకుండా వెళ్ళిపోవడం ఈ నెలలో ఇది రెండోసారి.

మే 17, శనివారం

అశోక్ రాలేదు. ఫోనూ లేదు.

మే 19, సోమవారం

చర్చిల్ అనే బండి గురించి చదివాను. ఇంగ్లీషు వాళ్ళది. పొడుగ్గా, బరువుగా, దేవుడి తేరు కదిలినట్టు కదులుతుంది. అందరూ నవ్వే బండి. కానీ కొండలెక్కుతుంది! ఈ దారిన ట్యాంకు రాదు అని శత్రువు నిశ్చింతగా కూర్చున్న నిటారు కొండల మీదికి ఇది తాపీగా ఎక్కి వెళ్ళిందట. చదువుతుంటే నేనే ఆ కొండ మీద ఉన్నట్టు గుండె కొట్టుకుంది. మా ఆటలో కూడా గుట్టకు నిటారుగా ఉండే పక్క చర్చిల్ తప్ప ఏదీ ఎక్కకూడదని నియమం ఉంది. అయినా ఇంతవరకు ఎవరూ దాన్ని బల్ల మీద పెట్టలేదు. అశోక్ చేసిన బొమ్మ ఒకటి అలమరలో గడియారం వెనకాల పడి ఉంది.

ముందు కవచం 10. పక్కలు 8. రోడ్డు మీద ఇరవై అయిదు కిలోమీటర్లు, అంటే 6. నేల మీద పదమూడు కిలోమీటర్లు. కొండలెక్కే బండి కదా, 4.

మే 20, మంగళవారం

చర్చిల్ మీద నాకు ప్రత్యేకమైన అభిమానం ఏమీ లేదు. దుమ్ము పట్టిందని తుడిచాను.

మే 22, గురువారం

రంగు పెచ్చులు ఊడుతోందని దానికి ముదురు పచ్చ వేశాను.

మే 25, ఆదివారం

తిమ్మరాజుగారు ఫోన్ చేశారు. ఈయన ఫోన్ తెచ్చి నా చేతికిచ్చి, గోడకు ఆనుకుని నిలబడి విన్నారు. కృష్ణగిరి దగ్గర ఆయనకు మామిడి నర్సరీ ఉంది, ఇప్పుడు కాయల కాలం, వెనకాల లారీలకు ఎక్కించే కేకలు వినిపిస్తున్నాయి.

"సుధామణమ్మా, మా రష్యా బండికి తొమ్మిది వేసినారంట?"

"నేను వేయలేదండీ, వచ్చింది."

"ఎట్ల వచ్చింది?"

అరటికాయ సంగతి చెప్పాను. తర్వాత ఎంత గట్టిగా నవ్వారంటే ఈయనకు కూడా వినిపించింది.

"మామిడికాయతో చెప్పుంటే ఇంగా బిన్నే అర్థమయ్యుండేది నాకు! సరే, వినండమ్మా. జూన్ ఎనిమిది, ఆదివారం, మా షెడ్డులో ఆడదాము. మీ కార్డు పెట్టి ఒకే ఒక ఆట. అయినాక రెండు పక్కలా చేతులు కలిపితే ఇంగ అదే కార్డు, ఎప్పటికీ. కానీ ఒక్క అంకె, యాడైనా ఒక్క అంకె పక్షపాతంగా కనపడిందంటే ఆడనే చింపేస్తాము. మేము రాము, మీరు పిలవద్దు. ముందే చెప్పినా, కోపం పెట్టుకోవద్దండి."

"అలాగే చింపండి," అన్నాను.

ఫోన్ పెట్టేశాక ఈయన నన్ను చూస్తూ, "ఎంత ధైర్యమే నీకు!" అన్నారు. చాలా రోజుల తర్వాత నన్ను చూసి అలా నవ్వారు.

జూన్ 1, ఆదివారం

కార్డులు ల్యామినేట్ చేయించాను. మెరుస్తున్నాయి. అశోక్ తనంతట తానే వచ్చాడు. పలకరించకుండా కార్డు తీసుకుని టైగరు వరుస మీద వేలు పెట్టుకుని చూశాడు.

"తప్పు దొరికితే చెప్పు," అన్నాను.

"దొరక్కుండా చేసినావు." తర్వాత, "కాఫీ ఉందా?" అన్నాడు.

టైగరు వరుస ఒక్కటే చూశాడు. మిగతావి చూడలేదు.

జూన్ 7, శనివారం, ఉదయం

ఏదైనా ఇల్లు దాటే ముందు మళ్ళీ ఒకసారి కూడి చూసుకోవడం నా అలవాటు. చూశాను. పదమూడును నాలుగుతో భాగిస్తే మూడుంబావు. సగంలోపు కిందికి. అంటే 3. కార్డులో 4 ఉంది.

ఒకే ఒక్క అంగుళం. అది కూడా ఎవరూ ముట్టుకోని బండికి. ల్యామినేషన్ కూడా అయిపోయింది. ఈయన కూడా అదే అన్నారు. అలాగే ఉంచేస్తున్నాను.

మధ్యాహ్నం

అశోక్ ట్యాంకుల పెట్టె సర్దడానికి వచ్చాడు. సర్దుతూ సర్దుతూ చల్లగా మొదలుపెట్టాడు.

"వదినా, టైగరుకి నేల మీద అయిదును ఆరు చేయరాదా? అంత పెద్ద ఇంజను కదా. ఒక్క అంగుళమేలే."

"పెద్ద ఇంజను కదా అని అంకె పెంచుతారా ఎవరైనా?" అన్నాను. గట్టిగానే అన్నాను.

అన్న తర్వాత గుర్తొచ్చింది. "కొండలెక్కే బండి కదా" అని రాసిన పేజీ ఇదే పుస్తకంలో ఉంది.

నల్ల మార్కరు తెచ్చాను. ప్రతి కార్డు మీదా 4 కొట్టేసి పక్కన 3 రాశాను. పైన కొత్త కాగితం అంటించి కప్పేయలేదు. కొట్టేసినట్టు కనబడాలి. మెరిసే కార్డులన్నీ పాడయ్యాయి. అశోక్ తలుపు దగ్గర నిలబడి చూశాడు.

రేపు ఆ కొట్టివేత చూసే తిమ్మరాజుగారు కార్డు చింపేయవచ్చు.

జూన్ 9, సోమవారం

నిన్న రాయలేకపోయాను. కృష్ణగిరి నుంచి వచ్చేసరికి గొంతు పోయింది, అరిచి అరిచి. నేను! అరిచి!

మొదటి నుంచి రాస్తాను.

తిమ్మరాజుగారి షెడ్డు నిండా పండుతున్న మామిడి వాసన. ఖాళీ పెట్టెల మీద రెండు తలుపులు పరిచి బల్ల చేశారు. మధ్యలో పెద్ద గుట్ట. ఆట అయ్యేసరికి గుట్ట నెత్తి మీద ఎవరి ట్యాంకు ఉంటే వాళ్ళది గెలుపు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని కార్డు పై నుంచి కింది దాకా చదివారు. నేను నీళ్ళు తాగాను. మళ్ళీ తాగాను.

"ఇదేమమ్మా, ఈడ కొట్టేసినారు?"

"నాలుగు అని రాశాను. లెక్కకు మూడే వస్తుంది."

"మిగతా అన్నిట్లో ఒక్క తప్పు లేదు. దీంట్లోనే ఎందుకు వచ్చింది?"

ఏదైనా చెప్పవచ్చు. చేయి జారిందనవచ్చు. అందరూ నన్నే చూస్తున్నారు.

"నాకు ఆ బండంటే ఇష్టం," అన్నాను.

ఆయన కార్డును రెండు చేతులతో పట్టుకున్నారు. చింపుతారనుకున్నాను. ల్యామినేట్ చేసింది చిరగదు కదా అని కూడా అనుకున్నాను, అలాంటప్పుడు ఏమేమి ఆలోచనలు వస్తాయో! ఆయన అశోక్ వైపు తిరిగారు.

"చూసినావా అశోకప్పా? పక్షపాతం అందరికీ ఉంటాది. కొట్టేసేవాళ్ళే ఉండరు." తర్వాత నాతో, "అమ్మా, మా వాడొకడు లోడు లారీతో జూజువాడి చెక్‌పోస్టు దగ్గర ఇరుక్కుని ఉండాడు, రాడు. మాకు ఒకరు తక్కువ. ఆ ఇష్టమైన బండిని మీరే తోలండి."

"ఇంగ్లీషు బండి రష్యా పక్కనా?" అన్నారు ఈయన.

"రష్యావాళ్ళకు ఇంగ్లీషువాళ్ళు కొన్ని ఇచ్చినారులే అన్నా, చెల్తుంది," అన్నాడు అశోక్. పాపం, వాడి నోటితో వాడే ఒప్పుకున్నాడు.

నేను ఆడనని చెప్పాను. చెబుతూనే సంచిలో నుంచి చర్చిల్ తీశాను. సంచిలోకి ఎట్లా వచ్చిందో!

గుట్టకు నిటారుగా ఉన్న పక్క నాది. అవతల వంపులో టైగరు, దాని గొట్టం గుట్ట నెత్తి మీదికే గురిపెట్టి ఉంది. ఎవరు పైకి వస్తే వాళ్ళు పోయినట్టే. తిమ్మరాజుగారి టి-34లు ఎడమ పక్క నుంచి చుట్టి వస్తున్నాయి, వాటిని ఈయన బండ్లు ఆపుతున్నాయి. నేను ప్రతి వంతులో టైలరు టేపు పరిచి మూడు అంగుళాలు జరపడం, చేతులు కట్టుకోవడం.

"వదినా, నీ తేరు పైకి చేరేలోపల మామిడికాలం అయిపోతుంది!"

"టెంకాయ కొట్టండమ్మా, కదుల్తుందేమో!" అని మా పక్కవాళ్ళే ఒకరు.

వాళ్ళు నవ్వుతున్నా నాకు కోపం రాలేదు. టేపు తప్ప ఏమీ కనిపించలేదు. ఆటలో నాకు ఇంక రెండే వంతులు మిగిలాయి. నెత్తి మీదికి కావలసింది మూడున్నర అంగుళాలు. టేపు పెట్టాను. మూడు దగ్గర ఆగింది. నెత్తికి అర అంగుళం కింద.

నాలుగు ఉండి ఉంటే పైన ఉండేదాన్ని! అందరికీ అదే తోచి ఉంటుంది. నేను మాత్రం మనసులో ఆ నల్ల మార్కరును తిట్టుకున్నాను. ఇది కూడా నిజమే కాబట్టి రాస్తున్నాను.

అశోక్ వంతు. చూపు ఆనుతుందో లేదో చూడటానికి టైగరు గొట్టం నుంచి నా బండి దాకా దారం పట్టాలి, మధ్యలో దారం దేనికైనా తగిలితే కనపడనట్టు. వాడు ఒక కొస పట్టాడు, తిమ్మరాజుగారు ఇంకో కొస. దారం గుట్ట అంచుకు తగిలింది.

"కొంచెం పైకి పట్టండి," అన్నాడు అశోక్.

"పైకి పడితే ఆకాశం కనపడ్తుంది. బండి కనపడదు."

నా చర్చిల్ అర అంగుళం కింద, గుట్ట చాటున, కనపడకుండా కూర్చుని ఉంది! కాల్చడానికి ఏమీ లేక అశోక్ టైగరును ఎడమకు తిప్పి ఒక టి-34ను కాల్చాడు. అది పోయింది. వాళ్ళ పక్క చప్పట్లు. కానీ టైగరు తిరిగింది. దాని పక్క రేకు ఇప్పుడు నా వైపు ఉంది.

నా చివరి వంతు. అర అంగుళం చాలు. నెత్తి మీదికి ఎక్కాను. దారం పట్టారు, దేనికీ తగలలేదు. టైగరు పక్క రేకు ఎనభై మిల్లీమీటర్లు, అంటే 8. అశోక్ పాత కాగితంలో అది 10. నా చిన్న ఫిరంగి బలం 3. పాచికలు ఆరో, అంతకు పైనో పడాలి.

"ఊది వేయండమ్మా," అన్నారు తిమ్మరాజుగారు.

ఊదలేదు. వేశాను. ఒకటి బల్ల మీద ఆగింది, రెండు. ఇంకొకటి దొర్లి దొర్లి మామిడి పెట్టె సందులో పడింది. తలలన్నీ అక్కడికి వంగాయి. ఈయన వంగి చూసి లేచారు. ఆయన అవతలి పక్క మనిషి, ఆ మాట నాకు గుర్తుంది. అయినా ఆయన ముఖం చూసే నాకు తెలిసిపోయింది.

"నాలుగు," అన్నారు. ముందుగా చప్పట్లు కొట్టింది కూడా ఆయనే.

మూడూ ఆరూ తొమ్మిది. ఎనిమిది దాటింది. అప్పుడే అరిచాను. ఏమని అరిచానో తెలియదు. పక్క షెడ్డులో కాయలు ఏరేవాళ్ళు పరుగెత్తుకుని వచ్చారు, పామేమో అని.

అశోక్ బల్ల మీదికి వంగాడు. దారం మళ్ళీ పట్టి చూశాడు. టేపు మళ్ళీ పెట్టి చూశాడు. చివరికి తల పట్టుకుని నవ్వాడు.

"నాలుగు అంగుళాలు పెట్టుకోనుంటే నేరుగా నా గొట్టం ముందుకు వచ్చేదానివి వదినా. పాచికలు ఎట్ల పడినా పొడి పొడి. ఆ అంగుళం నువ్వు కొట్టేసినావు చూడు, అదే నన్ను చంపింది!"

"అది నీ టైగరుకు కూడా ఒక అంగుళం అడిగినందుకు," అన్నాను. ఈసారి సమయానికి మాట వచ్చింది.

చేతులు కలిపారు. అందరూ అందరితో. తిమ్మరాజుగారు కార్డుకు చిల్లు పొడిచి షెడ్డులో మేకుకు తగిలించారు. కింద పేరు రాయాలన్నాడు అశోక్. వద్దన్నాను. మళ్ళీ వద్దన్నాను. ఆ తర్వాత ఊరుకున్నాను. నేను 4 కొట్టేసిన మార్కరుతోనే వాడు రాశాడు, "లెక్క: సుధామణి".

జూన్ 10, మంగళవారం

అత్తమ్మ అడిగింది, "గెలిచినావంట కదమ్మా. అయితే ఇంగ మార్కెట్టుకు ఎవురు పోతారు?"

"మీ కొడుకులిద్దరూ."

"టైగరులో పొమ్మను," అంది. రోడ్డు మీద దానికి పది అని చెప్పాను.

జూన్ 14, శనివారం

కంప్యూటరు లెక్కకూ కొట్లో సరుకుకూ ఎక్కడో పొంతన కుదరడం లేదట. ఒకసారి కూర్చుని చూస్తావా అని ఈయన అడిగారు. సోమవారం చూస్తానన్నాను. ఈ రెండు రోజులు కుదరదు. ఇంఫాల్ దాకా వచ్చిన జపాన్ బండ్లకు కార్డు కావాలని కృష్ణగిరి నుంచి కబురు వచ్చింది. వాటి రేకు పన్నెండు మిల్లీమీటర్లే, అయ్యో అనిపిస్తుంది. అంటే 1. అయ్యో అనిపించినా 1.

రేపు వాళ్ళు వస్తున్నారు, అందరికీ అరటికాయ బజ్జీలు. రేపు నేను టైగరు తీసుకుంటానని అశోక్‌కు చెప్పాను. వాడు ఫోన్‌లోనే కేక పెట్టాడు.

ఆడటానికి కాదు. నేల మీద ఆ 5 సరిగ్గా ఉందో లేదో సరిచూడటానికే.